ఆరు గంటలు, ఒక గీత

శుక్రవారం పొద్దున్న పది గంటలకు పార్సిలు వచ్చింది.

1975వ సంవత్సరం. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలోని బర్కిలీ. పార్సిలు అందుకున్న కుర్రాడి పేరు స్టీవ్ డాంపియర్. ఇళ్ళ కాంట్రాక్టులు చేసుకునేవాడు. అట్టపెట్టె విప్పితే లోపల కంప్యూటర్ లేదు, కంప్యూటర్ కాబోయే సరుకు ఉంది. ఒక రేకు పెట్టె, బరువైన ట్రాన్స్‌ఫార్మర్, రంగుచారల రెసిస్టర్లు, కెపాసిటర్లు, నల్లటి చిప్పులు, కందిగింజలంత ఎర్రబల్బులు, పైకీ కిందికీ ఆడే స్విచ్చులు, ఇంకా ఏదీ అతకని ఖాళీ బోర్డులు, దేని పక్కన ఏది అతకాలో చెప్పే కాగితాలు. పెళ్ళివంటకు తెచ్చిన సరుకులు పందిట్లో కుప్పపోసినట్టుంది. కీబోర్డు లేదు, తెర లేదు. పంపడం మర్చిపోయారని కాదు, ఆ కంప్యూటర్‌కి అసలవి లేవు.

దాని పేరు ఆల్టెయిర్ 8800.

ఆ పార్సిలు కోసం అతను ఎంతగా ఎదురుచూశాడో ముందు చెప్పాలి. లేకపోతే తర్వాత పడ్డ తిప్పలు అర్థం కావు.

1975 జనవరి నెల ‘పాపులర్ ఎలక్ట్రానిక్స్’ పత్రిక ముఖచిత్రంగా ఆల్టెయిర్ బొమ్మ పడింది. అప్పటికి కంప్యూటర్ అంటే ఏ యూనివర్సిటీలోనో, ఏ పెద్ద కంపెనీలోనో, తాళం వేసిన ఏసీ గదిలో ఉండే వస్తువు. మన హైదరాబాదులో ఈసీఐఎల్ సొంతంగా టీడీసీ కంప్యూటర్లు తయారుచేస్తున్న కాలం కూడా అదే. అవీ పరిశోధనశాలలకూ సంస్థలకూ వెళ్ళేవే గాని ఇళ్ళకు చేరేవి కావు. అలాంటి రోజుల్లో, 397 డాలర్లు పంపితే విడిభాగాలు మీ ఇంటికొస్తాయి, మీ కంప్యూటర్ మీరే అతుక్కోండి అని చెప్పింది ఆ పత్రిక. ఆనాటి మన లెక్కలో మూడు వేల రూపాయల పైచిలుకు.

కిట్టు తయారుచేసింది న్యూ మెక్సికో రాష్ట్రం ఆల్బుకర్కీలోని మిట్స్ అనే చిన్న కంపెనీ. యజమాని ఎడ్ రాబర్ట్స్. క్యాలిక్యులేటర్లు అమ్ముకుంటూ బతికినవాడు, పెద్ద కంపెనీలు ధరలు పడగొట్టేసరికి అప్పుల్లో మునిగాడు. ఉన్నదంతా ఊడ్చి, ఇంటెల్ కొత్తగా తెచ్చిన 8080 చిప్ చుట్టూ ఈ కిట్టును తయారుచేశాడు. ముఖచిత్రం ఫొటో కోసం న్యూయార్క్‌కు పంపిన మొదటి మెషీను దారిలోనే పోయింది. మళ్ళీ ఇంకోటి కట్టే వ్యవధి లేదు. అందుకని పత్రిక మీద పడ్డది, ముందువైపు స్విచ్చులూ బల్బులూ బిగించిన డొల్ల పెట్టె. దాన్ని చూసే జనం వేలల్లో ఆర్డర్లు పంపారు.

డాంపియర్ ఒక అడుగు ముందుకేశాడు. మీ దగ్గరున్నవన్నీ ఒక్కొక్కటి పంపండి అని 4,000 డాలర్ల చెక్కు రాసిచ్చాడు. సగం డబ్బు వెనక్కొచ్చింది. అతను అడిగినవాటిలో చాలావరకు ఇంకా తయారే కాలేదని వాళ్ళ జవాబు. ఉండబట్టలేక తనే ఆల్బుకర్కీ వెళ్ళి, ఆ చిన్న కంపెనీని కళ్ళారా చూసొచ్చాడు. 1975 మార్చి 5 రాత్రి, మెన్లో పార్క్‌లో గోర్డన్ ఫ్రెంచ్ ఇంటి గ్యారేజీలో ముప్పై మందికి పైగా చేరిన సమావేశంలో ఆ సంగతి చెప్పాడు. నాలుగు వేల ఆర్డర్లు వచ్చిపడ్డాయని చెప్పాడు. హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్ మొదటి సమావేశం అదే. ఆ గ్యారేజీలో కూర్చుని విన్నవాళ్ళలో స్టీవ్ వోజ్నియాక్ ఒకడు. మరుసటి ఏడు బయటికొచ్చిన యాపిల్ తొలి కంప్యూటర్ అతని చేతిపనే.

ఇంత కథ నడిచాక వచ్చింది ఆ పార్సిలు.

*

ముప్పై గంటలు పట్టింది అతకడానికి. ఈ లెక్క డాంపియరే తర్వాత రాసుకున్నాడు. శుక్రవారం పొద్దున్న పదికి మొదలై ముప్పై గంటలంటే శనివారం సాయంత్రం నాలుగు. మధ్యలో నిద్రకూ తిండికీ ఎంత మిగిలి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఒక్క అతుకు దగ్గరగా చూద్దాం. బోర్డుకున్న సన్నటి రంధ్రంలోంచి రెసిస్టర్ కాలు అవతలికి దూరుస్తారు. కాలినీ, దాని చుట్టూ ఉన్న రాగి బిళ్ళనూ కలిపి సోల్డరింగ్ ఐరన్ మొన ఆనించి రెండు క్షణాలు ఆగాలి. రెండో పక్కనుంచి సీసం తీగ తాకించాలి. తీగ కరిగి, కాలు చుట్టూ పారి, చిన్న గుట్టలా కుదురుకుని తళుక్కుమంటుంది. గుగ్గిలం వాసనతో సన్నటి పొగ ముక్కుకు తగులుతుంది. ఐరన్ తీసేశాక, అది గట్టిపడేదాకా చెయ్యి కదలకూడదు. కదిలితే ఆ తళుకు పోయి మసకబారుతుంది. పైకి అతుక్కున్నట్టే ఉంటుంది గాని లోపల కరెంటు ఒకసారి పారుతుంది, ఒకసారి పారదు. మన ఊళ్ళలో టీవీలు బాగుచేసేవాళ్ళు దీన్నే ‘డ్రై సోల్డర్’ అంటారు. సగం రిపేర్లు దానివల్లే.

అలాంటివి వందల కొద్దీ అతకాలి. చిప్పును అటుది ఇటు తిప్పి గుచ్చితే పోయింది. చిప్పు కాళ్ళలో ఒకటి రంధ్రంలోకి దిగకుండా కిందికి మడుచుకుపోతే పైనుంచి కనపడదు. పక్కపక్కనున్న రెండు అతుకుల మధ్య సీసం ఒక చుక్క ఎక్కువై వంతెన కడితే షార్టు. ఇవన్నీ దాటాక ముందు ప్యానెల్ వైరింగు ఉంది. ఒక్కో తీగ కొలిచి, కత్తిరించి, కొనలు చెక్కి, లెక్క తప్పకుండా చేత్తో అతకాలి. ఆల్టెయిర్ కట్టినవాళ్ళు ఆ పని గురించి ఏళ్ళ తరబడి చెప్పుకున్నారు.

నాలుగింటికి స్విచ్చు వేశాడు.

*

ఈనాటి కంప్యూటర్ ఆన్ చేస్తే తెర మీద ఏదో ఒకటి కనిపిస్తుంది. ఆల్టెయిర్ ఆన్ చేస్తే ఎర్రబల్బులు వెలుగుతాయి, అంతే. 36 బల్బులు, 25 స్విచ్చులు. దానితో మాట్లాడాలన్నా, అది మనతో మాట్లాడాలన్నా అవే. అందులో ముందుగా రాసిపెట్టిన ప్రోగ్రాం ఒక్కటీ ఉండదు. కరెంటు పోతే ఉన్నదంతా మాయమవుతుంది. ఆన్ చేసిన ప్రతిసారీ అది అప్పుడే పుట్టిన పసిగుడ్డు.

“బూట్ అవట్లేదు సార్” అని ఇవాళ ఏ సందులోని కంప్యూటర్ షాపులోనైనా వింటాం. బూటు వెనక పట్టీని పట్టుకుని తనను తానే పైకి లాక్కోవడం అన్న ఇంగ్లిషు నానుడిలోంచి పుట్టిన మాట అది. ఏమీ తెలియని మెషీనుకి, తెలుసుకోవడం ఎలాగో మొదట చెప్పే చిన్న ప్రోగ్రాం బూట్. ఆల్టెయిర్‌లో అది లేదు. అదే మార్చి నెలలో పాల్ అలెన్, తానూ బిల్ గేట్స్ కలిసి రాసిన బేసిక్ భాషను కాగితపు టేపు మీద పట్టుకుని ఆల్బుకర్కీకి విమానంలో వెళ్తూ, విమానం కిందికి దిగే వేళకు ఉలిక్కిపడ్డాడట. టేపును మెషీన్లోకి ఎక్కించే ప్రోగ్రామే రాయలేదు! సీట్లో కూర్చునే కాగితం మీద రాసేశాడు. ఆల్టెయిర్‌కి ఏం చెప్పాలన్నా మొదటి ముక్క మనిషి వేలితోనే చెప్పాలి.

డాంపియర్ మెషీను బతికింది. కానీ మెమరీలో ఏదో తేడా కొట్టింది.

ఆ మెమరీ ఎంతో తెలుసా? మామూలు కిట్టుతో వచ్చేది 256 బైట్లు. ఇవాళ మన ఫోన్లో తెలుగు అక్షరాలు దాచుకునే పద్ధతిలో ‘లక్ష్మి’ అన్న ఒక్క పేరుకే 21 బైట్లు పడతాయి. డజను మంది లక్ష్ములు వస్తే ఆ మెమరీ నిండిపోతుంది. అంత చిన్నదాన్లో తేడా కనిపెట్టడానికి ఆరు గంటలు పట్టింది.

*

ఇక్కడ కాసేపు నా సంగతి చెప్పుకోవాలి. ఈ ఆరు గంటలు నాకు పరాయివి కావు.

చాలా ఏళ్ళ క్రితం, సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో విడివిడిగా కొన్న కంప్యూటర్ సామాన్లు ఒళ్ళో పెట్టుకుని హనుమకొండ దాకా బస్సులో వచ్చి, మా తమ్ముడూ నేనూ రాత్రికి రాత్రి బిగించాం. స్విచ్చు నొక్కాం. ఫ్యాన్లు తిరిగాయి. తెర నల్లగానే ఉంది. పెట్టెలోంచి పొడుగ్గా ఒక కూత, కాస్త ఆగి మళ్ళీ కూత. మా తమ్ముడి ముఖం చూడలేకపోయాను. “అన్నయ్యా, స్క్రూ బిగించేటప్పుడు చెయ్యి జారింది, నేనే ఏదో చేశా” అన్నాడు. వాడు ఏమీ చెయ్యలేదు. అయినా ఆ రాత్రంతా అదే మాట.

తెల్లారాక తెలిసినతనికి ఫోన్ చేస్తే నవ్వలేదు, విసుక్కోలేదు. “ఏం గాలే అన్నా. మోతను బట్టి చూస్తే ర్యామ్ తీర్గున్నది. కరెంట్ తీసెయ్. ర్యామ్ దీసి, పోరల పెన్సిల్ రబ్బర్ ఉంటది గదా, దాంతోని కాళ్ళు మెల్లగ రుద్దు. మల్ల పెట్టేటప్పుడు రెండు దిక్కుల టక్కుమనాలె” అన్నాడు.

ర్యామ్ అంచున వరసగా బంగారు పూతవేసిన చిన్న చిన్న పట్టీలుంటాయి. బోర్డుకూ మెమరీకీ మాటామంతీ వాటి ద్వారానే. మా ర్యామ్ పట్టీల మీద వేలిముద్ర అచ్చు గుద్దినట్టుంది, నా బొటనవేలిది. రబ్బరుతో రుద్దితే బంగారం మెరిసింది. పెట్టేటప్పుడు ఒక పక్క టక్కుమంది. రెండో పక్క అనలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కితే అన్నది. ఆన్ చేస్తే ఒక చిన్న కూత, ఒకే ఒక్కసారి, అంతా సవ్యంగా ఉందన్నట్టు. తెర వెలిగింది. మా తమ్ముడు అప్పుడు టీ తాగాడు.

తప్పు ఎక్కడుందో తెలియనంతసేపూ, ఇంట్లో కట్టుకున్నవాడికి అనుమానమంతా తన చేతుల మీదే. కొన్న వస్తువు పాడైతే షాపువాణ్ణి అడుగుతాం. కట్టుకున్న వస్తువు మొరాయిస్తే నిలదీయడానికి మనం తప్ప ఇంకెవరూ ఉండరు. ఇప్పటికీ ఇంతే. కొత్త డీడీఆర్5 మెమరీతో కంప్యూటర్ కట్టుకున్నవాళ్ళు కొందరు, మొదటిసారి ఆన్ చేశాక నిమిషాల తరబడి తెర నల్లగా ఉంటే బెంబేలెత్తి ఆపేస్తారు. అది లోపల మెమరీని తనకు తగ్గట్టు సర్దుకుంటూ ఉంటుంది, కాస్త ఓపిక పడితే తనే లేస్తుంది. ఆ సంగతి తెలియక, ఆపిన ప్రతిసారీ దాన్ని మళ్ళీ మొదటికి తెస్తారు. పోయిందేమో, నేనే పాడుచేశానేమో అన్న గుబులు మనిషిని నిమిషం కూడా కూర్చోనివ్వదు.

*

డాంపియర్ దగ్గర కూత కూసే మెషీను లేదు. రబ్బరు చాలని రోగం అది. ఫోన్ చేసి అడుగుదామంటే, ఆ మెషీను గురించి తెలిసినవాళ్ళు దేశం మొత్తం మీద గుప్పెడు మంది.

ఆల్టెయిర్ మెమరీని పరీక్షించే పద్ధతి ఇలా ఉంటుంది. ముందు ప్యానెల్ మీద ఒక స్విచ్చు పేరు ‘డిపాజిట్’. ఇంకోదాని పేరు ‘ఎగ్జామిన్’. మొదటిది బ్యాంకు మాటే, పని కూడా అలాంటిదే. ఎన్నో నంబరు గది కావాలో వరుసగా ఉన్న స్విచ్చులతో చెప్పి ఎగ్జామిన్ నొక్కాలి. ఎనిమిది స్విచ్చులు పైకో కిందికో పెట్టి డిపాజిట్ నొక్కితే ఆ ఎనిమిది బిట్లు ఆ గదిలో జమ అవుతాయి. స్విచ్చులతో మళ్ళీ అదే గది నంబరు పెట్టి ఎగ్జామిన్ నొక్కితే, ఆ గదిలో ఏముందో ఎనిమిది ఎర్రబల్బులు చూపిస్తాయి. వేసిందే కనిపించాలి.

వేసింది ఒకటి, పాస్‌బుక్కులో పడ్డది ఒకటి అయితే?

అప్పుడు తేడా ఎలాంటిదో చూసుకోవాలి. ఏ గదిలో వేసినా, ఏ అంకె వేసినా, ఎప్పుడూ ఒకే బల్బు మాట వినకపోతే, ఆ బిట్టును మోసుకెళ్ళే దారి ఎక్కడో తెగిందన్నమాట. బల్బులన్నీ మాట వింటూ, మన గదిలో వేసిన డబ్బు పక్కవాడి ఖాతాలో కూడా కనిపిస్తుంటే, ఆ దారులు బాగానే ఉన్నాయి, గది నంబరు మోసుకెళ్ళే దారిలో తేడా ఉంది. మెషీనుకు ఆ రెండు గదులూ ఒకటే గదిలా కనిపిస్తున్నాయి. ఒక గదిలోనే తేడా ఉండి మిగతావన్నీ బాగుంటే, చిప్పు లోపలే జబ్బు. ఇలా రోగం తీరు చూసి వేరు పట్టుకోవాలి. నాడి పట్టే వైద్యుడి పని.

చెప్పడానికి నాలుగు ముక్కలే. చెయ్యడానికి, ఒక్కో పరీక్షకూ ఎనిమిది స్విచ్చులు ఒక్కొక్కటిగా వేలితో ఎత్తి దించాలి. బల్బులు చూసి కాగితం మీద ఒకటో సున్నానో రాసుకోవాలి. తర్వాతి గది. మళ్ళీ ఎనిమిది స్విచ్చులు. అప్పటికే ముప్పై గంటలు సన్నపనిలో అలసిన కళ్ళు. రాసుకున్నది తప్పా, చూసింది తప్పా, వేసింది తప్పా అన్న అనుమానం మధ్యమధ్యలో వచ్చి, మళ్ళీ వెనక్కి వెళ్ళి చూసుకోవాలి.

ఎక్కడో తెగిందని తెలిశాక అసలు వెతుకులాట మొదలవుతుంది. బోర్డు బయటికి తీసి వెలుతురు కింద పెట్టాలి. ఎవరైనా ముందు చూసుకునేది తాము వేసిన అతుకులే. మసకబారినదాన్ని మళ్ళీ కరిగించాలి. వంతెనలేమైనా ఉన్నాయేమో చూడాలి. చిప్పు కాలు మడుచుకుపోయిందేమోనని పక్కనుంచి తొంగిచూడాలి. తిరగేసి గుచ్చానేమోనని చిప్పు కొసనున్న గంటును బొమ్మతో పోల్చుకోవాలి. ఒక్కొక్కటీ చూసి, బాగానే ఉంది, బాగానే ఉంది అనుకుంటూ పోవాలి. బాగున్నవన్నీ తీసేస్తే తప్పు మిగలాలి. కానీ అతికినవన్నీ బాగుండి, అయినా మెషీను పనిచెయ్యకపోతే?

అతకని చోట వెతకాలి. అక్కడిదాకా ఆలోచన పోవడానికే ఎవరికైనా చాలాసేపు పడుతుంది.

బోర్డు మీద రాగి దారులుంటాయి. ఫ్యాక్టరీలో అచ్చుపోసి వచ్చినవి. మనం వాటిని అసలు అనుమానించం. ఇంటి గోడలు కట్టినవాడు కింద నేలను అనుమానించనట్టే. ఆ రాగి పూత మందం మన తలవెంట్రుక మందంలో సగం ఉంటుందేమో. ఆ రాగి మీద ఒక సన్నటి గీటు పడితే దారి తెగిపోతుంది. కంటికి అది మెరుపులో మెరుపులా కలిసిపోతుంది. బోర్డును కాస్త వంచి, దీపానికి అడ్డంగా తిప్పుతుంటే ఒకానొక కోణంలో మాత్రం సన్నటి నల్లగీత తగులుతుంది. మల్టీమీటర్ ఒక ముల్లు దారి ఈ కొసనా, ఇంకోటి ఆ కొసనా పెడితే మీటరు సూది కదలదు. గీతకు ఇవతలిదాకా వస్తే కదులుతుంది. అవతలికి దాటితే పడిపోతుంది.

డాంపియర్ మెమరీలో ఉన్న జబ్బు అదే. ఒక గీత. అది కనిపెట్టడానికి ఆరు గంటలు పట్టిందని అతను ఆ నెలల్లోనే రాశాడు. అతని అతుకుల్లో తప్పు లేదు. ముప్పై గంటలు సోల్డరింగ్ చేసిన చేతులు ఒక్క పొరపాటు కూడా చెయ్యలేదన్నమాట. ఆ మాట అతను రాయలేదు గాని, ఆ లెక్కల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది అదే.

తెగిన రాగిదారికి మందు మనవాళ్ళందరికీ తెలిసిందే. ‘ట్రాక్ కట్’ అయితే ‘జంపర్’ వెయ్యాలి. దారి పైపూత కాస్త గీకి, రాగి తేలాక, తెగినచోటికి అటూ ఇటూ చిన్న తీగముక్క అతకడమే. ఐదు నిమిషాల పని.

బాగయ్యాక అన్నీ పనిచేశాయి.

*

కథ ఇక్కడితో అయిపోవలసింది. కానీ ఆ ఆరు గంటలు అతని చెవులకూ కళ్ళకూ నేర్పిందేదో ఉందని నేను గట్టిగా నమ్ముతాను, ఆ తర్వాత జరిగింది చూస్తే.

ఒకసారి స్విచ్చులతో ప్రోగ్రాం ఎక్కించి నడుపుతూ, పక్కన రేడియోలో వాతావరణ వార్తలు పెట్టుకున్నాడు. అంకెల్ని వరుసలో పేర్చే ప్రోగ్రాం అది. అది నడిచిన ప్రతిసారీ రేడియోలో జివ్వుమని ఒక రొద. ఎవరైనా ఏం చేస్తారు? రేడియో తీసి దూరంగా పెడతారు. నిన్నగాక మొన్న మెషీను చెప్పే చిన్న సూచన కోసం గంటల తరబడి కాచుకున్న మనిషి మాత్రం, ఆ రొదను రొద అనుకోలేదు. ప్రోగ్రాం మార్చి చూశాడు. రొద మారింది.

8080 చిప్ గుండె సెకనుకు 20 లక్షల సార్లు కొట్టుకుంటుంది. ఆ కొట్టుకోవడంలో తీగల్లో కరెంటు ఎక్కీ దిగీ గాల్లోకి సన్నటి అలలు వదులుతుంది. దగ్గరలో ఉన్న రేడియో వాటిని పట్టుకుంటుంది. ఒకే పనిని ప్రోగ్రాం మళ్ళీ మళ్ళీ తిప్పుతుంటే, ఆ తిప్పుడు వేగమే స్వరం అవుతుంది. సెకనుకు 440 తిప్పులు తిరిగితే పాశ్చాత్య సంగీతకారులు వాద్యాలు శ్రుతి చేసుకునే స్వరం పలుకుతుంది. అంటే ఒక్కో తిప్పుకూ దాదాపు 4,500 గుండెచప్పుళ్ళు. ఇంకా బిగిస్తే స్వరం పైకెక్కుతుంది, వదులు చేస్తే కిందికి దిగుతుంది. వీణ మెట్ల మీద వేలు జరిపినట్టే, ఇక్కడ అంకె జరపడం. ఏ అంకెకు ఏ స్వరమో డాంపియర్ ఓపిగ్గా పట్టిక రాసుకున్నాడు. చేతికందిన సంగీతం పుస్తకంలోంచి ఒక పాట ఎంచుకున్నాడు. బీటిల్స్ పాడిన ‘ద ఫూల్ ఆన్ ద హిల్’.

ఆ ఏప్రిల్‌లో హోమ్‌బ్రూ క్లబ్ మెన్లో పార్క్‌లోని పెనిన్సులా స్కూల్లో చేరింది. డాంపియర్ ఆల్టెయిర్ మోసుకొచ్చి, నేల మీద కూర్చుని, దూరం నుంచి లాక్కొచ్చిన కరెంటు తీగకు తగిలించి, స్విచ్చులు ఎత్తడం దించడం మొదలుపెట్టాడు. ఏం చేస్తున్నావంటే చెప్పలేదు. ఒక్కో అంకె, ఒక్కో గది. పాట మొత్తం వేళ్ళతోనే ఎక్కించాలి. ఎక్కించడం అయిపోవస్తుండగా ఎవరి కాలో తీగకు తగిలింది. తీగ ఊడింది. బల్బులు ఆరిపోయాయి.

పాట మొత్తం పోయింది.

ఆ క్షణంలో అక్కడ ఉన్నవాళ్ళకు ఎలా ఉండి ఉంటుందో అనుకుంటే, నాకు మా తమ్ముడి ముఖమే కళ్ళముందుకొస్తుంది. డాంపియర్ తీగ మళ్ళీ గుచ్చాడు. మొదటి గది నుంచి మొదలుపెట్టాడు. ఎనిమిది స్విచ్చులు, డిపాజిట్. ఎనిమిది స్విచ్చులు, డిపాజిట్.

చివరికి చిన్న రేడియో తీసి ఆల్టెయిర్ మీద పెట్టాడు. ఆఖరి స్విచ్చు వేశాడు.

గది నిండా తమ తమ ఇళ్ళలో సోల్డరింగ్ చేసుకుంటున్నవాళ్ళు, చేయబోతున్నవాళ్ళు. తెరా కీబోర్డూ స్పీకరూ ఏమీ లేని ఆ రేకు పెట్టె మీద, మరేదో వినిపించాల్సిన రేడియోలోంచి, గరగరమంటూ, కాని శ్రుతి తప్పకుండా, అందరికీ తెలిసిన పాట వచ్చింది. పాట ఆగాక చప్పట్లు మోగిపోయాయి. డాంపియర్ అప్పటికే రెండో పాట కూడా ఎక్కించి ఉంచాడు. ‘డైసీ’. 1961లో బెల్ ల్యాబ్స్‌లో పెద్ద ఐబీఎం కంప్యూటర్‌తో పాడించిన పాట అది. 1968లో వచ్చిన ‘2001: ఎ స్పేస్ ఒడిస్సీ’ సినిమాలో హాల్ అనే కంప్యూటర్ నోట కూడా అదే పాట. సినిమాలో దాని మెమరీని ఒక్కొక్క పలకగా ఊడదీస్తుంటే, అది పాడుతూ పాడుతూ గొంతు మందగించి ఆగిపోతుంది.

బర్కిలీ నుంచి వచ్చిన మెషీను ‘డైసీ’ని చివరి స్వరం దాకా పాడింది.